పులి మాట తెచ్చిన జములమ్మ

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగేలోపు నాలుగు కండెలకు నూలు చుట్టెయ్యడం జములమ్మకు ముప్పై ఏళ్ల అలవాటు. గద్వాలలో ఆ నేత వీధిని నిద్ర లేపేవి మగ్గాలే. ఎవరి మగ్గం ముందు మోగితే ఆ ఇంటి ఆడమనిషి నల్లా దగ్గర ఆ రోజు కాస్త గొంతు పెంచి మాట్లాడుతుంది. ఇన్నేళ్లూ ఆ గొంతు జములమ్మదే. ఈ మధ్య ఆమె బిందె నింపుకుని చప్పుడు లేకుండా ఇంట్లోకి పోతోంది, ఎందుకంటే వాళ్ళ మగ్గం మోగడం లేదు.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు ఆమె పెనిమిటి బాలకిష్టయ్యకు మగ్గం మీదే మూతి పక్కకు పోయి, కుడి చెయ్యి మొద్దుబారింది. దవాఖానలో వారం రోజులున్నాడు. మూతి సరిగ్గా నిలబడింది, చెయ్యి మెల్లగా తిరిగొచ్చింది. పోయినవి మాటలు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మందుల చీటీ రాసి, దాని కిందే ఇంకో ముక్క కూడా రాసింది. "మాటలు శానా పోయినయమ్మా. అవి మందులకు రావు. మీరే పోయి తెచ్చుకోవాలె."

మాటలు పోతే ఎక్కడికి పోతాయో గద్వాలలో ఎవరినడిగినా చెబుతారు. ఎక్కడ పుట్టాయో అక్కడికే పోతాయి, అలిగిన కోడలు పుట్టింటికి పోయినట్టు. ఇంటివాళ్లు వెనకాలే పోయి, బతిమాలి, కొంగున ముడేసుకుని తెచ్చి, పోగొట్టుకున్న మనిషి చెవిలో వెయ్యాలి. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు. నలభై రోజులు దాటితే మాట మనిషిని మరిచిపోతుంది. ఆ తర్వాత కాళ్లు పట్టుకున్నా రాదు.

జములమ్మ ఊరంతా తిరిగింది. చెంబు, గంగాళం, తపేలా కంచరివాళ్ల కొట్టు ముందు బోర్లించుకుని పడున్నాయి. కుర్చీ, దర్వాజ, జర, పరేషాన్ అన్నీ కలిసి మసీదు పక్క చాయ్ హోటల్లో కూర్చున్నాయి. హోటల్ సాయెబు ఆమెను చూడగానే, "మీ ఆయనవి నిన్నటి సంది ఈడనే ఉన్నయమ్మా, ఒక్క చాయ్ గూడ తాగలే," అన్నాడు. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లండు దాకా పోయే ఓపిక లేక బస్టాండులోనే ఆగిపోతాయని అందరికీ తెలిసిందే కాబట్టి స్విచ్చి, ఫోను, బల్బు, టాబ్లెట్టు ఒక్క పూటలో దొరికాయి. జములు అన్న పేరు మాత్రం ఆయన నోట్లోంచి ఎటూ పోలేదు. ఆ సంగతి ఎదురింటి రాధమ్మకు ఆమె మూడుసార్లు చెప్పింది, రాధమ్మ మూడుసార్లూ కొత్తగా విన్నట్టు విన్నది.

ముప్పై రోజులకు అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. రానిది పులి.

ఒక్క మాటే కదా, అది లేకపోతే కొంప మునుగుతుందా అని వేరే ఇంట్లో అయితే అనుకోవచ్చు. ఈ ఇంట్లో అనుకోవడానికి లేదు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ పోగు పోగుకూ మెలేసి కలపడానికి మగ్గం మీద ఇద్దరు కావాలి. నడుమ గుంటలో కాళ్లు పెట్టుకుని బాలకిష్టయ్య కూర్చుంటాడు, కుడి పక్కన కూర్చుని అంచు పోగు నడిపే నాడె వేసేది జములమ్మ. ఊళ్లో అంచుల మీద నెమళ్లు, మామిడి పిందెలు, గోపురాలు నేసే ఇళ్లు బోలెడు. పులి అంచు నేసేది ఈ ఒక్క ఇల్లే. అరచేయంత పులులు ఒకదాని వెనక ఒకటి అంచు పొడుగునా నడుస్తాయి. దానికి కాగితం మీద గీత లేదు, నమూనా చూపే అట్టల మీద చిల్లులు లేవు. ఒక్కో పులి మొదలయ్యే చోట నేసేవాడు "పులి" అని నోరారా అంటాడు. అంటే చాలు, ఏ పోగు లేపాలో ఏ పోగు వదలాలో చేతికి అదే తెలుస్తుంది. తాత తండ్రికి, తండ్రి బాలకిష్టయ్యకు చెవిలో చెప్పింది ఆ ఒక్క మాటే.

ఆయనకు చెయ్యి పడిపోయిన రోజున మగ్గం మీద ఒక పులి సగంలో ఉంది. తోక వచ్చింది, వెనక కాళ్లు వచ్చాయి, నడుము చారలు వచ్చాయి. మెడ దగ్గర ఆగిపోయింది.

పాత చీరను పక్కన పరుచుకుని చూసి నేద్దామనుకున్నాడు బాలకిష్టయ్య. రెండు రోజులు కష్టపడితే మెడ మీద కుక్కకూ దూడకూ మధ్య ఏదో మొహం వచ్చింది. పోగులన్నీ విప్పేశారు. అప్పటి నుంచి ఆయన పొద్దున్నే పోయి గుంటలో కాళ్లు పెట్టుకుని, ఆ తలలేని పులి వంక చూస్తూ కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చి పెడితే మెతుకులు కెలికి వదిలేసేవాడు.

"అన్నం తినవైతివి. మందులెట్ల ఏసుకుంటవయ్యా?" అంది జములమ్మ.

"ఈ చేతులు నావి గావు జములూ," అన్నాడు ఆయన. "ఎవరియో తెచ్చి అతికిచ్చినట్టున్నయి."

జములమ్మ పళ్లెం ఎత్తుకుని లోపలికి పోయింది. మాటలు పోయిన మనిషిని తెచ్చుకోవచ్చు. తానెవరో తనకు తెలియకుండా పోయిన మనిషిని ఎక్కడికి పోయి తెచ్చుకునేది? పది రోజులే మిగిలున్నాయి.

శనివారం నాడు రాధమ్మ పరుగున వచ్చింది. "అక్కా, మల్దకల్ల గుడి కాడ ఒక పులి తిరుగుతున్నదంట. మా మరిది చూసిండు. ప్రసాదం ఇచ్చే కాడ నిలవడి ఉన్నదంట, పో జల్దిన."

జములమ్మ ఉన్నపళాన మల్దకల్ బస్సెక్కింది. నిజమే, ప్రసాదాల దగ్గర పెద్ద ఇత్తడి గంగాళం పక్కన పులి ఉంది. ఆమె కొంగు చాపిందో లేదో బతిమాలించుకోకుండా వచ్చి ముడిలో కూర్చుంది. ఇంత తేలిగ్గా ఎందుకొచ్చిందని అప్పుడే అనుమానం రావలసింది. సంబరంలో ఉన్న మనిషికి అనుమానాలు ఎక్కడ వస్తాయి! వీధి వీధంతా చూస్తుండగా ఆమె మాటను తెచ్చి ఆయన చెవిలో వేసింది.

"పులి," అన్నాడు బాలకిష్టయ్య, స్పష్టంగా.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నోట్లో కూడా తిరిగాయి. మగ్గం ఎక్కాడు, మళ్ళీ "పులి" అన్నాడు, చెయ్యి ఆడింది. జములమ్మ కుడి పక్కన నాడె వేస్తూ కన్నార్పకుండా చూస్తోంది. గంట గడిచేసరికి పులి మెడ మీద వరసగా మూడు చింతకాయలు వచ్చాయి. నాలుగోది సగం వచ్చింది, చాలా అందంగా, గింజ గింజ కనబడేటట్టు.

ముందు నవ్వింది రాధమ్మే. పులిహోర గంగాళం పక్కన నిలబడిన పులి పులుపు పులి కాక ఇంకేమవుతుంది! వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది, బాలకిష్టయ్య కూడా దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి నవ్వాడు. జములమ్మకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పులిని దొన్నెలో పెట్టి మర్నాడే మల్దకల్ పంపించేశారు, చింతకాయలు విప్పేశారు.

ఆ సాయంత్రం రాయచూరులో కాపురముంటున్న కూతురు యామిని ఫోను చేసింది. "అమ్మా, మా అత్తగారింట్ల దాన్ని హులి అంటరు. ఒకటి పట్టి పంపియ్యాల్నా?"

"అది వాళ్లింటి మాట బిడ్డా. మీ నాయినకు పడుతదో పడదో. ఒకసారి తప్పు తెచ్చి చూస్తి గద."

"మరైతే వనపర్తి పోయి రాఘవేందర్ సారును కలువు. డిగ్రీల మాకు తెలుగు చెప్పిన సారు. ఏ మాట యాడ పుట్టిందో ఆయనకు తెల్వంది లేదు. మనోళ్లు ఎవరికి మాట పోయినా ఆయన దగ్గరికే పోతరు."

రాఘవేందర్ సారు రిటైరై ఆరేళ్లయింది. వనపర్తిలో ఆయన ఇంటి వరండాలో రోజూ పదిమంది ఉంటారు, మాటలు పోయినవాళ్ల తాలూకు. జములమ్మ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమె చింతకాయల సంగతితో సహా అంతా చెప్పింది. సారు నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సంస్కృతంల వ్యాఘ్రం అంటరమ్మా," అన్నాడు. "బాగ వాసన చూసేది అని దానికి పండితులు చెప్పే అర్థం. ఇంగ్లీషోళ్ల టైగరు ఇంకా దూరం నుంచి వచ్చింది. ఇరాన్ దేశంల పాత భాషల బాణం అన్న మాటకు, మొనదేలింది అన్న మాటకు అది చుట్టమని చెప్తరు. బాణం లెక్క దూకుతదని గావచ్చు. ఒకడు దాని ముక్కును చూసిండు, ఒకడు దాని దూకుడును చూసిండు, పేరు పెట్టిండు."

"మన పులి, సారూ?"

"మన పులి, కన్నడపోళ్ల హులి, అరవోళ్ల పులి, అన్నీ ఒక తల్లి పిల్లలే. మనం పాలు అంటే వాళ్లు హాలు అంటరు సూడు, గట్ల. కానీ ఆ తల్లి యాడ పుట్టింది, ఏం చూసి పెట్టిన్రు ఆ పేరు అంటే, నలభై ఏండ్ల సంది ఎతుకుతున్న. ఏ పుస్తకంల లేదు." ఆయన కాసేపు బీరువా వంక చూశాడు. బీరువా నిండా నిఘంటువులే. "మందికి అవసరమొచ్చిన మాటలన్నీ నేను చెప్పిన కాడ దొరికినయి. ఇదొక్కటి నాకు తెల్వదమ్మా. తెల్వదు అని చెప్పనీకి నాకు సిగ్గు లేదు. ఈ మాట పుస్తకాలు పుట్టకముందు పుట్టింది. దాన్ని చూసినోని నోట్లనే పుట్టుంటది. నువ్వు చూసే కాడికి పో."

అంత చదువుకున్న మనిషి గొంతు తగ్గించి ఆ మాట అనేసరికి జములమ్మకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తను వెతుకుతున్నది అంత పాతదని ఆమె అనుకోలేదు. సారు ఒక కాగితం మీద ఫోను నంబరు రాసిచ్చాడు. సుమన అని, ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. అచ్చంపేట అవతల, నల్లమల అడవి అంచున చేను కౌలుకు తీసుకుని పల్లికాయ పండిస్తోంది.

ముప్పై ఎనిమిదో రోజు పొద్దుగూకే వేళకు జములమ్మ సుమన ఇంటికి చేరింది. సుమనకు ముప్పై ఏళ్లుంటాయి. కాళ్లకు ఎర్రమట్టితో గడపలోనే ఎదురొచ్చి, చెంబుతో నీళ్లిచ్చి, "సారు ఫోను చేసిండు పెద్దమ్మా, అంతా చెప్పిండు," అంది.

"మరి పులి యాడ దొరుకుతది బిడ్డా?" అంది జములమ్మ.

సుమన చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వాకిట్లో పల్లికాయ తెంపుతున్న ఇద్దరు ఆడవాళ్లు తల ఎత్తి చూశారు.

"ఈడ ఆ మాట అనకు పెద్దమ్మా. మా అత్త అనలే, మా అత్తకు అత్త అనలే. పెద్దది అంటం. లేకుంటే దొర అంటం. అంతే."

"ఎందుకట్ల?"

"నిన్ను పేరు పెట్టి పిలిస్తే నువ్వు రావా? అది గూడ గంతే."

జములమ్మ మంచం మీద నడుము వాల్చి దాని గురించే ఆలోచించింది. గద్వాలలో ఆ మాట ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. లీడర్ల ఫ్లెక్సీల మీద, బైకుల వెనక అద్దాల మీద, పరీక్ష పాసైన పిల్లగాడి తండ్రి నోట్లో. అన్నం తినని పిల్లలను బెదిరించడానికి రోజుకు పదిసార్లు వాడతారు. పాత దుప్పటి అరిగినట్టు అరిగిపోయింది. ఈ ఊళ్లో ఎవరూ నోటితో తాకకుండా దాన్ని తరతరాలుగా దాచిపెట్టారు. ఇక్కడ అది ఇంకా కొత్తదిగానే ఉండాలి అనుకుంది. ఆ ఆలోచనకు ఆమెకు ధైర్యమూ వచ్చింది, దడా పుట్టింది.

తెల్లారుతుండగా సుమన ఆమెను చేనులోకి తీసుకుపోయింది. అడవి పందుల కాపలాకు వేసిన మంచె ఒకటుంది, దాని మీద ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఎదురుగా పల్లి చేను, దాని అంచున బండ్ల బాట, బాటకు అవతల అడవి. మంచు ఇంకా విడిపోలేదు. మూడు నాలుగు రోజులకొకసారి ఈ బాట దాటి వాగుకు పోతుందని, పోయిన వారం దాని అడుగులు చూశానని సుమన చెవిలో చెప్పింది. ఏమి దాటుతుందో చెప్పలేదు.

తూర్పు తెల్లబడింది. పిట్టలు లొల్లి మొదలుపెట్టాయి. ఎక్కడో కొండముచ్చు ఒకటి రెండుసార్లు అరిచింది. అంతే, పిట్టలన్నీ ఒక్కసారిగా ఊరుకున్నాయి.

ముందు వాసన వచ్చింది. కొత్త బియ్యం పొయ్యి మీద ఉడుకుతున్న వాసన. ఇంత అడవిలో ఈ వేళప్పుడు ఎవరు అన్నం వండుతున్నారా అని జములమ్మ ఆశ్చర్యపోయి సుమన వైపు తిరిగింది. సుమన మొహంలో నెత్తురు చుక్క లేదు, చూపు బాట మీదే ఉంది. జములమ్మ కూడా అటు చూసింది.

అది రావడం ఆమెకు కనబడలేదు. ఒక క్షణం బాట ఖాళీగా ఉంది, మరుక్షణం అది బాట మధ్యలో ఉంది. ఆ అన్నం వాసన దాని ఒంటిదే. ముప్పై ఏళ్లుగా తన చేతుల మీదుగా ఎన్ని వందల పులులు నడిచాయో! వాటిలో ఒక్కటి కూడా ఇట్లా లేదు. ఆ పసుపు ఏ రంగు గిన్నెలోనూ చూడలేదు. అది అడుగు వేస్తుంటే చారలు చర్మం మీద కదలడం లేదు, లోపలెక్కడో కదులుతున్నాయి. అంత పెద్ద ఒంటికి చప్పుడు లేదు. బాట మధ్యలో ఆగింది. తల తిప్పి, మంచె వైపు చూసింది.

జములమ్మ అన్నీ మరిచిపోయింది. చీర, నలభై రోజులు, గద్వాల, చివరికి బాలకిష్టయ్య కూడా ఆ చూపులో కొట్టుకుపోయాడు. భయమేసింది. కానీ పారిపోవాలనిపించలేదు, కిందికి దిగి దండం పెట్టాలనిపించింది. లోకంలో ఇటువంటిది ఒకటుందని, అది తనను చూస్తోందని తెలిసి ఆమె కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. దీన్ని మొదటిసారి చూసిన మనిషికి మాట లేదు. ఆ మనిషికి ఎట్లా ఉండి ఉంటుందో, అది తనకే జరుగుతున్నట్టు ఆమెకు తెలిసింది. బిగబట్టిన ఊపిరి ఇక ఆగలేదు. మూసుకున్న పెదవులు విడి "పు" అని బయటికొచ్చింది. అప్పుడు, అరవకుండా తనను తాను ఆపుకోవడానికన్నట్టు, నాలుక పైకి పోయి అంగిలిని పట్టుకుంది.

"పులి," అంది జములమ్మ, ఊపిరంత మెల్లగా.

అది చెవులు కదిపింది. ఇంకో క్షణం చూసి, తల తిప్పుకుని, తొందర లేకుండా బాట దాటి వాగు వైపు దిగిపోయింది. చాలాసేపటికి ఒక పిట్ట కూసింది.

సుమన రెండు చేతులూ జోడించి ఉంది. "పుట్టింది పెద్దమ్మా," అంది. "ఆ మాట యాడనో దొరికేది గాదు. నా కండ్ల ముందర పుట్టింది." తను మాత్రం ఆ మాట అనలేదు.

జములమ్మ దాన్ని కొంగున ముడెయ్యబోయింది. ముడి ఊడిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఊడింది. ఈ మాట ముడిలో ఆగే రకం కాదని తెలిసి నోట్లోనే పెట్టుకుని, పళ్లు బిగించి బస్సెక్కింది.

నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి మీదుగా గద్వాల పోయే బస్సులో కండక్టర్ మనీషా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చించి ఇచ్చింది. బుగ్గ ఉబ్బి ఉండడం చూసి, "మాటేమన్న తీస్కపోతున్నవా అమ్మా? ఏం మాట?" అని అడిగింది. జములమ్మ అరచేతి మీద వేలితో రాసి చూపించింది. మనీషా ఒక అడుగు వెనక్కి వేసి, ముందు సీటు ఖాళీ చేయించి ఆమెను అందులో కూర్చోబెట్టింది. బస్సు కిటకిటలాడుతున్నా ఆమె పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. వెనక ఎవరో బుట్టలో పెట్టుకొచ్చిన కోళ్లు గద్వాల దాకా కిక్కురుమనలేదు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బాలకిష్టయ్య మగ్గం గుంటలోనే ఉన్నాడు. ఆమెను చూడగానే ఏమీ అడగకుండా చెవి ముందుకు చాపాడు. జములమ్మ వంగి ఆయన చెవిలో ఆ మాట అన్నది. ఇంటి పైకప్పు కింద పావురాలు రెక్కలు కొట్టుకుని ఎగిరిపోయాయి. బాలకిష్టయ్య నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ అన్నది, మూడోసారీ అన్నది. మాట ఆయన చెవి దాకా పోతోంది, వెనక్కి తిరిగి వచ్చి ఆమె నాలుక మీదే కూర్చుంటోంది.

జములమ్మ కింద కూలబడింది. "తప్పు నాదేనయ్యా," అంది వెక్కుతూ. "నీ కోసమని పోతిని. దాన్ని చూసిన కాడ నేను నిన్నే మర్చిపోతి. అది నా నోట్లనే పుట్టింది. నీకెట్ల ఇయ్యాల్నో నాకు తెలుస్తలేదు."

ఆయన గుంటలోంచే ఆమె వైపు వంగాడు. కోపం వస్తుందనుకుంది, లేకపోతే మళ్ళీ ఆ శూన్యపు చూపు చూస్తాడనుకుంది. ఆయన మొహంలో మెల్లగా ఇంకేదో కనబడింది.

"నేను ఎన్నడు చూడలే జములూ," అన్నాడు. "మా నాయిన గూడ చూడలే. తాత చూసిండో లేదో తెల్వదు. ఎవరో చూసినోని మాట ఇన్నేండ్లు నా నోట్ల పెట్టుకొని తిరిగిన. అది నన్ను ఇడిశి పోయిందని ఏడుస్తున్న. నాదయితే గద, తిరిగొచ్చేటందుకు." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎట్లుంటది? జర చెప్పు."

జములమ్మ చెప్పబోయింది. అన్నం వాసన అంది, పసుపు అంది, కళ్లు అంది. ఏది చెప్పినా సరిపోలేదు. చెయ్యి దానంతటదే లేచి గాలిలో పోగులు ఏరుతున్నట్టు ఆడింది.

బాలకిష్టయ్య ఆ చేతిని చూశాడు. గోడ పట్టుకుని గుంటలోంచి పైకి లేచాడు. "నువ్వు కూసో," అన్నాడు.

"నేనా? నడుమనా? ఈ ఇంట్ల ఎన్నడన్న ఆడది..."

"నేను చూసినోన్ని గాదు. చూసినదానివి నువ్వు. కూసో."

ఆమె గుంటలోకి కాళ్లు దించింది. ముప్పై ఏళ్లు పక్క నుంచి చూసిన మగ్గం నడుమ నుంచి చూస్తే పెద్దగా, కొత్తగా ఉంది. సిగ్గేసింది. ఆయన కుడి పక్కకు పోయి, ఆమె చాప మీద కూర్చుని, అంచు నాడె చేతిలోకి తీసుకున్నాడు. జములమ్మ కళ్లు మూసుకుని "పులి" అన్నది. చేతులు కదిలాయి.

పొద్దు వాలేదాకా ఇద్దరూ నేశారు. మెడ వచ్చింది, చెవులు వచ్చాయి, నుదుటి మీద చారలు వచ్చాయి. ఆ ఇంటి పులులన్నీ ముందుకు చూస్తూ నడిచేవే. ఇది నడుస్తూ నడుస్తూ ఆగి, తల తిప్పి, చీరలోంచి బయటికి చూస్తోంది. చివరి పోగు పడి రెండో కన్ను పూర్తయినప్పుడు బాలకిష్టయ్య చెయ్యి నాడెతో సహా గాల్లోనే ఆగిపోయింది.

ఆయన దాని కళ్లలోకి చూశాడు. ఛాతీ ఉబ్బింది. పెదవులు దగ్గరికొచ్చి విడిపోయాయి, నాలుక పైకి లేచింది.

"పులి," అన్నాడు.

వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. బాలకిష్టయ్య చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. జములమ్మ గుంటలోంచి లేవబోయింది, ఆయన సీటు ఆయనకిద్దామని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ముందు నువ్వు చెప్పు," అన్నాడు. "నీ ఎనక నేను అంట."

ఆమె అన్నది, ఆయన అన్నాడు. నాడె కుడి నుంచి వచ్చింది, జములమ్మ అందుకుంది. అంచు మీద ఇంకో పులికి తోక మొదలైంది.